చేతిపని వచ్చు, లెక్క రాదు... మెకానికల్ మానేయాలా?

ప్రశ్న: శింగనమల దగ్గర ఒక ఊరి నుంచి 21 ఏళ్ల అబ్బాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నాడు. పదో తరగతి దాకా ఊళ్లోనే తెలుగు మీడియం. పాలిసెట్ రాసి మెకానికల్ డిప్లొమా చేశాడు. వర్క్‌షాప్ అంటే ప్రాణం. తర్వాత ఈసెట్ రాసి అనంతపురం పొలిమేరలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో నేరుగా రెండో ఏడాదిలో చేరాడు. ఇప్పుడు త్రీ-టూ, అంటే మూడో ఏడాది రెండో సెమిస్టర్. టూ-వన్‌లో మ్యాథ్స్, థర్మోడైనమిక్స్, టూ-టూలో ఎస్‌ఓఎం (స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్), కేఓఎం (కైనమాటిక్స్ ఆఫ్ మెషినరీ) పాస్ కాకుండా మిగిలిపోయాయి. "ల్యాబ్‌లో లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే మిషన్) మీద జాబ్ సెట్ చేయాలంటే నన్నే పిలుస్తారు. క్లాసులో మాత్రం డిప్లొమా బ్యాచ్ అని ఒక మూల. సార్ బోర్డు మీద ఇంటిగ్రేషన్ మొదలుపెడితే ఇంక నాకేమీ ఎక్కదు" అని రాశాడు.

వాళ్ల నాయనకు మూడెకరాలు. శెనక్కాయ వేస్తాడు, బోరు ఎండిపోయింది. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్నా హాస్టలుకూ పై ఖర్చులకూ వడ్డీకి తెచ్చాడు. కొడుకు అన్నీ పాసయ్యాడనే అనుకుంటున్నాడు, ఎందుకంటే కొడుకు అలాగే చెప్పాడు. మేనమామకు తాడిపత్రిలో లేత్ షాపుంది. బండల పాలిష్ ఫ్యాక్టరీల మిషన్లకు షాఫ్టులు, బుష్షులు చేస్తాడు. "చదివింది చాలు, వచ్చేయ్" అంటున్నాడు. బెంగళూరులో ఉన్న పెద్దనాన్న కొడుకు సాఫ్ట్‌వేర్ కోర్సు చేయమంటున్నాడు. అమెరికాలో ఉన్న బావ అక్కడ మెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ అని వేరే డిగ్రీ ఉందని, చేతిపని ఇష్టపడేవాళ్లకు అదే సరైనదని చెప్పాడు. ఒక స్నేహితుడు డిస్టెన్స్‌లో బీటెక్ కట్టేద్దామంటున్నాడు. "నేను మెకానికల్‌కు పనికిరానా? మానేయాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఒక్కోసారి పిచ్చి ఆలోచనలు వస్తున్నాయి" అని ముగించాడు. తన నోట్సు పేజీల ఫొటోలు కూడా పంపాడు.

సమాధానం:

తమ్ముడూ, నువ్వు చివర్లో ఒక్క వాక్యం రాసి వదిలేసిన మాటతోనే మొదలుపెడతాను. పిచ్చి ఆలోచనలు వస్తున్నాయన్నావు. అవి చచ్చిపోవాలన్న ఆలోచనలైతే మిగతా సమాధానం తర్వాత చదువుకో, ముందు 14416కు ఫోన్ చెయ్. టెలి మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత లైను అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇవాళ రాత్రి రూంలో ఒక్కడివే ఉండొద్దు, నువ్వు నమ్మే స్నేహితుణ్ని పక్కన ఉండమను. అనంతపురం ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించుకోవడంలో తప్పేమీ లేదు. నిద్ర పట్టకపోవడం ఒక్కటే అయినా చూపించుకో. నిద్ర లేకుండా ఎంతసేపు పుస్తకం ముందు కూర్చున్నా బుర్రకెక్కదు.

ఇక చదువు. నువ్వు పంపిన ఫొటోల్లో ఎస్‌ఓఎం పేజీ ఒకటుంది. రెండు చివర్లా ఆనించిన బీమ్, సరిగ్గా మధ్యలో డబ్ల్యూ అనే బరువు. షియర్ ఫోర్స్ డయాగ్రమ్, దాని కింద బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్. పెన్సిల్ సన్నగా చెక్కుకుని స్కేలు పెట్టి గీశావు, ఒక్క గీత తప్పు లేదు. కింద డిఫ్లెక్షన్ (బీమ్ ఎంత కుంగుతుందన్నది) కోసం మొదటి సమీకరణం సరిగ్గానే రాశావు. ఆ తర్వాత మూడు లైన్లు ఖాళీ. ఖాళీ కింద జవాబు: డబ్ల్యూ ఎల్ క్యూబ్ బై 48 ఈఐ (ఎల్ బీమ్ పొడవు, ఈఐ అది వంగకుండా నిలిచే గట్టిదనం). జవాబు కరెక్టే. నీకు మార్కులు పోతున్నది ఆ మూడు లైన్ల ఖాళీలో. మిగతా మూడు సబ్జెక్టుల్లో కూడా ఇంచుమించు ఇదే జరుగుతోందని నీ పేజీలు చూస్తే తెలుస్తోంది.

ఆ ఖాళీ నీ తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదు. ఈసెట్ 200 మార్కుల పరీక్ష. మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మీ బ్రాంచి 100. అన్నీ బిట్లే. జవాబు గుర్తుంటే చాలు, దారి అక్కర్లేదు. కోచింగ్‌లో కూడా అదే రుద్దిస్తారు. బీటెక్ బయటి పరీక్షలో దారికే మార్కులు. దానికి తోడు ఇంజినీరింగ్ మొదటి ఏడాది మ్యాథ్స్ నీకు లేదు, నేరుగా రెండో ఏడాదిలో దిగావు. నీ పక్కన కూర్చున్నవాడు ఇంటర్‌లో రెండేళ్లు, మొదటి ఏడాదిలో ఇంకో ఏడాది ఇవే లెక్కలు చేసి వచ్చాడు. వాడికి చెప్పే వేగంలో నీకు చెబితే ఎక్కదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆ మూడు లైన్లలో ఏముండాలో చూడు. ఎడమ సగంలో మూమెంట్ డబ్ల్యూ ఎక్స్ బై 2, ఎక్స్ అంటే ఎడమ చివర నుంచి దూరం. ఒకసారి ఇంటిగ్రేట్ చేస్తే ఎక్స్ స్క్వేర్ వస్తుంది, ఇంకోసారి చేస్తే ఎక్స్ క్యూబ్. రెండు స్థిరాంకాలు మిగులుతాయి. బీమ్ మధ్యలో వాలు సున్నా, ఆనించిన చోట కుంగడం సున్నా. ఈ రెండూ వేస్తే స్థిరాంకాలు తేలిపోతాయి. అంతే. ఇందులో సైన్ లేదు, లాగ్ లేదు. ఎక్స్ పవర్‌ను ఒకటి పెంచి అదే అంకెతో భాగించడం ఒక్కటే వచ్చి ఉండాలి. మధ్యలో వాలు సున్నా ఎందుకవుతుందో క్లాసులో చాలామంది బట్టీ పడతారు. నీకు ఆ అవసరం లేదు. రెండు స్టూళ్ల మీద ఇనప పట్టీ పెట్టి మధ్యలో నొక్కితే ఎలా వంగుతుందో చూసినవాడివి.

థర్మోడైనమిక్స్‌లో నిన్ను ఆపుతున్నదీ ఇంతే. ఉష్ణోగ్రత మారకుండా గ్యాస్ వ్యాకోచిస్తే ఎంత పని జరుగుతుందో కట్టాలంటే వన్ బై వీని (వీ అంటే గ్యాస్ ఘనపరిమాణం) ఇంటిగ్రేట్ చేయాలి. అంటే లాగ్. మిగతా సమ్స్‌లో సగానికి పైగా కూడికలు, తీసివేతలు, స్టీమ్ టేబుల్స్ చూడటం. టేబుల్స్ పరీక్ష హాల్లోకి అనుమతిస్తారు కూడా. కాబట్టి నీకు ఇంటిగ్రేషన్ మొత్తం రావాల్సిన పని లేదు, కొంచెం భాగం గట్టిగా రావాలి. తెలుగు అకాడమీ వేసిన ఇంటర్ టూ-బీ తెలుగు మీడియం పుస్తకం సంపాదించు. పాత పుస్తకమైనా పర్లేదు. సమాకలనం, అవకలన సమీకరణాలు, ఈ రెండు అధ్యాయాలు చాలు. డిఫరెన్షియేషన్ కూడా తడబడుతుంటే వన్-బీలో ఆ అధ్యాయం ముందు చెయ్. ఇంటర్ పుస్తకం పట్టుకుంటే చూసినవాళ్లు నవ్వుతారేమో అనుకోకు. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్లు ఇంజినీరింగ్ మొదటి ఏడాది పుస్తకాలను తెలుగులో కూడా తెచ్చారు, ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవడం తెలుగులో, రాయడం ఇంగ్లిష్‌లో అలవాటు చేసుకో. ఒక్కో సమ్ పూర్తిగా, ఒక్క లైను కూడా వదలకుండా రాయాలి.

క్లాసులో మూల కూర్చోబెడుతున్నారన్న బాధ అర్థమైంది. దాని గురించి పెద్ద ఉపన్యాసం ఇవ్వను. ఎంపీసీ నుంచి వచ్చిన ఒకణ్ని చూసుకో. వాడికి మెషీన్ డ్రాయింగ్ రాదు, లేత్ మీద థ్రెడ్ కట్ చేయమంటే చేతులు వణుకుతాయి. నువ్వు వాడికి అది నేర్పు, వాడు నీకు ఇంటిగ్రేషన్ చెప్తాడు. చాలా కాలేజీల్లో డిప్లొమా పిల్లలు గట్టెక్కేది ఇలాగే.

నువ్వు మెకానికల్‌కు పనికిరావా అని అడిగావు. మీ మామ షాపు నుంచే ఒక ఉదాహరణ చెప్తాను. పాలిష్ మిషన్ షాఫ్టు 25 ఎంఎంది విరిగిందనుకో. మీ మామ 30 ఎంఎం రాడ్ తెచ్చి తిప్పి ఇస్తాడు, పని జరుగుతుంది. అనుభవం అంటే అదే, దాన్ని తక్కువ చేయను. షాఫ్టు తట్టుకునే మెలి దాని వ్యాసం క్యూబ్‌ను బట్టి పెరుగుతుందని టార్షన్ చాప్టర్ చెప్తుంది. 30ని 25తో భాగిస్తే 1.2, దాని క్యూబ్ 1.728. అంటే ఐదు ఎంఎం పెంచితే బలం దాదాపు 73 శాతం పెరిగింది. అంత అవసరమా? 28 ఎంఎం సరిపోయేదా? అసలు విరిగింది ఎక్కడ? షాఫ్టు మెట్టుగా సన్నబడే చోట మూలను పదునుగా వదిలేస్తే ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. కీవే (కీ బిగించడానికి చెక్కే గాడి) తీసిన చోటా అంతే. అలాంటప్పుడు ఎంత మందం రాడ్ వేసినా పగులు మళ్లీ అక్కడే మొదలవ్వొచ్చు. ఆ మూలకు చిన్న రేడియస్ ఇస్తే అదే 25 ఎంఎం చాలా కాలం తిరగొచ్చు. ఎలా చేయాలో డిప్లొమా నేర్పింది. ఎంత, ఎందుకు అన్నది డిగ్రీ నేర్పాలి. ఈ ప్రశ్నలు చదువుతుంటే నీకు ఆసక్తి పుట్టిందా, లేక 'ఇదంతా ఎందుకు, రాడ్ మారిస్తే పోలా' అనిపించిందా? నిజాయితీగా చూసుకో. రెండోదైతే నువ్వు తక్కువవాడివని కాదు, నీ దారి షాప్‌ఫ్లోర్ అని. మొదటిదైతే మానేయాలన్న ఆలోచన భయం వల్ల వచ్చింది, అయిష్టం వల్ల కాదు.

మీ బావ చెప్పింది నిజమే. అమెరికాలో మెకానికల్ ఇంజినీరింగ్ వేరు, మెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ వేరు. రెండూ నాలుగేళ్ల డిగ్రీలే. రెండో దాంట్లో ల్యాబులు, తయారీ పని ఎక్కువ, మ్యాథ్స్ లోతు తక్కువ. ఏబెట్ అనే సంస్థ ఆ రెంటికీ వేర్వేరుగా గుర్తింపు ఇస్తుంది. కానీ అక్కడ కూడా అందులో స్టాటిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, థర్మో ఉంటాయి, లెక్క నుంచి పూర్తిగా తప్పించుకోలేరు. మన బీటెక్‌లో అలా రెండు దారులు విడదీయలేదు. నీలాంటి పిల్లలకు అలాంటిదొకటి ఇక్కడా ఉంటే ఎంత బాగుండేదో అని నాకూ అనిపిస్తుంది. కానీ ఉన్నదాంట్లో నుంచే నువ్వు దారి చూసుకోవాలి. అప్పు చేసి చదువుతున్న ఇంట్లో అమెరికా మాట ఇప్పుడు పెట్టుకోవద్దు.

డిస్టెన్స్ బీటెక్ జోలికి అసలు వెళ్లొద్దు. ఇంజినీరింగ్ డిగ్రీని దూరవిద్యలో ఏఐసీటీఈ ఒప్పుకోదు. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా అలా ఇచ్చిన డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు గట్టిగా తీర్పు ఇచ్చింది, ఎంతోమంది ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. డబ్బులు కట్టించుకునేవాళ్లు ఈ మాట చెప్పరు.

సాఫ్ట్‌వేర్ గురించి నాలుగు మాటలు. మీ అన్న మంచి మనసుతోనే చెప్పాడు. నీ ఉత్తరంలో నీకు కోడింగ్ మీద ఇష్టం ఉందన్న మాట ఎక్కడా లేదు, మ్యాథ్స్ నుంచి పారిపోవాలన్న తొందరే ఉంది. బెంగళూరులో రూం అద్దె, కోర్సు ఫీజు, పని దొరికేదాకా తిండి, ఇదంతా మళ్లీ మీ నాయన వడ్డీకి తేవాలి. డిగ్రీ లేకుండా డిప్లొమాతో ఆ లైన్లోకి వెళ్తే ఇంటర్వ్యూ దాకా పిలిపించుకోవడమే కష్టం. కంప్యూటర్ మీద పని ఇష్టమైతే మెకానికల్‌లోనే క్యాడ్ (కంప్యూటర్ మీద డ్రాయింగ్), సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మిషన్లు) ప్రోగ్రామింగ్ ఉన్నాయి. లేత్ తెలిసినవాడు సీఎన్‌సీ త్వరగా పట్టుకుంటాడు.

మిగిలింది రెండు దారులు: కాలేజీలో ఉండి గట్టెక్కడం, లేదా ఆగి పనిలో చేరడం.

ఉంటే ఏమవుతుంది? నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకు జేఎన్టీయూ అనంతపురం ఇచ్చే గడువు గరిష్ఠంగా ఆరేళ్లు. నీకు రెండేళ్లు కూడా పూర్తి కాలేదు, కాబట్టి గొంతు మీద కత్తేమీ లేదు. బయటి పరీక్ష 70కి, ఇంటర్నల్స్ 30కి. బయటి పరీక్షలో 35 శాతం, మొత్తం మీద 40 శాతం వస్తే సబ్జెక్టు పాసైనట్టే. టూ-టూ పరీక్షలు మామూలుగా మీ త్రీ-టూ పరీక్షల రోజుల్లోనే వస్తాయి. అప్పుడు ఎస్‌ఓఎం, కేఓఎం రాయి. కేఓఎం ముందు పట్టుకో. వెలాసిటీ డయాగ్రమ్స్, క్యామ్ ప్రొఫైల్స్ అన్నీ గీసి చేసేవే, నీ చెయ్యి డ్రాయింగ్‌లో బాగుంది. ఎస్‌ఓఎం తీస్తే ఈ సెమిస్టర్లో ఉన్న మెషీన్ మెంబర్స్ డిజైన్ కూడా సగం తేలికవుతుంది, దానికి పునాది అదే. మ్యాథ్స్, థర్మో తర్వాతి సీజన్‌కు ఉంచు. నాలుగూ ఒకేసారి కట్టి నాలుగూ పోగొట్టుకోవద్దు.

నష్టాలు కూడా చెప్పాలి. నువ్వు ఫైనలియర్లోకి వెళ్లేసరికి రెండు సబ్జెక్టులు మిగిలే ఉండొచ్చు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లను కూర్చోనివ్వవు. మీ బ్యాచ్‌తో పాటు ఉద్యోగం రాకపోవచ్చు. ఫైనలియర్‌కు ప్రమోట్ కావడానికి ఎన్ని క్రెడిట్లు ఉండాలో మీ బ్యాచ్ రెగ్యులేషన్ చూసి ఈ వారమే లెక్క కట్టు. అవి చాలకపోతే పై లెక్కంతా మారిపోతుంది. హాజరు 75 శాతం కంటే కిందికి పడిపోకుండా చూసుకో, సిగ్గుతో క్లాసు ఎగ్గొట్టడం మొదలుపెట్టావేమో అని నా అనుమానం.

ఆగితే ఏమవుతుంది? నీ డిప్లొమా ఎక్కడికీ పోదు. ఇది నువ్వు మర్చిపోతున్నావు. బీటెక్ ఆగినా నువ్వు పదో తరగతి దగ్గరకు వెనక్కి పోవు. రైల్వే జూనియర్ ఇంజినీర్ పరీక్షకు మెకానికల్ డిప్లొమా చాలు. గుత్తి లోకో షెడ్డు లాంటివి మన పక్కనే ఉన్నాయి. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల మెయింటెనెన్స్‌లో, 2019 నుంచి పెనుకొండ దగ్గర కార్లు తయారుచేస్తున్న కియా చుట్టూ వచ్చిన విడిభాగాల కంపెనీల్లో డిప్లొమా వాళ్లు పనిచేస్తున్నారు. అయితే జెన్‌కోలో అసిస్టెంట్ ఇంజినీర్ లాంటి పోస్టులకు, గేట్ ద్వారా వెళ్లే ప్రభుత్వ సంస్థలకు బీటెక్ కావాలి. ఆ తలుపులు మూసుకుంటాయి. పనిచేస్తూ సాయంత్రం పూట బీటెక్ చదవడానికి ఏఐసీటీఈ 2023 నుంచి కొన్ని కాలేజీలకు అనుమతిస్తోంది. అన్ని చోట్లా లేదు, ఆగాలనుకుంటే ముందు అది దగ్గర్లో ఎక్కడుందో కనుక్కో. చెప్పాపెట్టకుండా కాలేజీకి వెళ్లడం మానేయొద్దు. రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి ఆగితేనే మళ్లీ చేరే వీలుంటుంది. రీయింబర్స్‌మెంటు ఏమవుతుందో కూడా అప్పుడే అడుగు. నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వం అని ఎవరైనా భయపెడితే, కాలేజీలు వాటిని తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని ఏఐసీటీఈ నిబంధన ఉందని గుర్తుంచుకో.

మామ షాపు సంగతి. సొంతవాళ్ల దగ్గర పనికి కుదిరితే జీతం అడగలేం, మానలేం. వెళ్తే మొదటి రోజే నెలకు ఎంతో మాట్లాడుకోవాలి, అది కూడా అమ్మ చేత కాకుండా నువ్వే. నన్నడిగితే సెలవుల్లో వెళ్లు. విరిగి వచ్చిన షాఫ్టులు పారేయకుండా ఉంచమను, ఎక్కడ విరిగిందో చూసి లెక్క కట్టు. ఎస్‌ఓఎం నీకు క్లాసులో కంటే అక్కడ ఎక్కువ వస్తుందని నా నమ్మకం.

నా మనసులో మాట చెప్పాలంటే, ఎస్‌ఓఎం, కేఓఎం రెండింటినీ ఈసారి గట్టిగా రాసి చూశాకే మానడం గురించి ఆలోచించు. ఇంతవరకు నువ్వు సరైన పద్ధతిలో ఒక్కసారి కూడా ప్రయత్నించలేదు. అది కూడా చేశాక రెండూ పోతే, అప్పుడు ఆగడం ఓటమి కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. అయితే ఇంటి పరిస్థితి నాకంటే నీకు బాగా తెలుసు. వడ్డీ భారం ఇంకో ఏడాది మోయలేనిదైతే ముందే ఆగడమూ సబబే.

ఏ దారిలో వెళ్లినా నాయనకు చెప్పకుండా కుదరదు. నీకు నిద్ర పట్టనివ్వనిది థర్మోడైనమిక్స్ కంటే ఈ అబద్ధమే ఎక్కువ అనుకుంటున్నాను. ఫోన్లో చెప్పొద్దు, ఊరికి వెళ్లు. మార్కుల మెమోలు ప్రింటు తీసి పట్టుకెళ్లు, అమ్మ కూడా ఉన్నప్పుడు కూర్చుని చెప్పు. "నాలుగు పోయాయి, నీకు అబద్ధం చెప్పాను" అని ముందే అనేయ్, చుట్టూ తిప్పొద్దు. కోప్పడతాడు. అప్పు చేసి చదివిస్తున్న మనిషికి ఆ హక్కుంది, ఎదురు మాట్లాడకు. కోపం దిగాక ఆయన అడిగేది రెండే: ఇంకెంత కాలం, ఇంకెంత డబ్బు. ఆ రెంటికీ కాగితం మీద జవాబు రాసుకుని వెళ్లు. ఏ నెలలో ఏ పరీక్ష, దానికి ఫీజెంత, హాస్టలు ఖర్చు తగ్గించడానికి నువ్వేం చేయగలవు అన్నీ అందులో ఉండాలి. తెచ్చిన అప్పు ఎంత, వడ్డీ నూటికి ఎంత, ఎవరి దగ్గర అన్నది కూడా ఆ రోజే అడిగి రాసుకో. ఉండాలా ఆగాలా అన్నది తేల్చడానికి ఆ అంకెలు నీ దగ్గర లేవు, నీ ఉత్తరంలో కూడా లేవు.